మూరెడు బండితో మూడు రోజులు నాంపల్లిలో

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిస్తే మా సామర్లకోటలో అందరూ మూడే ప్రశ్నలు వేస్తారు. చార్మినార్ ఎక్కారా? బిర్యానీ తిన్నారా? ముత్యాలు కొన్నారా? మూడింటికీ నేను లేదనే చెప్పాను. నాంపల్లి స్టేషన్లో దిగి, నాంపల్లీ అబిడ్సూ దాటకుండా మూడు రోజులు తిరిగి, మళ్ళీ నాంపల్లిలోనే రైలెక్కాను. ఆ నగరంలో నేను అన్నిటికన్నా శ్రద్ధగా చూసింది ఒక ఇరానీ హోటల్లో బల్లల కింది నేల. అది ఎవరూ చూసి ఉండరు కనక రాస్తున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. మా ఆవిడ సుభద్ర హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైంది. భజన మండలిలో చేరమని చుట్టుపక్కల వాళ్ళు సలహా ఇచ్చారు. ఆమె రిమోటుతో నడిచే రేసు బండి కొనుక్కుంది. దాన్ని బగ్గీ అంటారు. మూరెడు పొడవు, కిలోన్నర బరువు, మట్టిలో గుంతల మీద గంతులేస్తూ పోయే రకం. నాలుగు చక్రాలకు కుదుపు ఆపే నాలుగు షాకులు, షాకుల్లో నూనె, లోపల గేర్లు, వెనక ఒక రెక్క. మా ఊరి రైసు మిల్లు కళ్ళంలో ఆదివారం ఆదివారం ముగ్గురు పందెం వేసుకుంటారు: మిల్లు యజమాని, ఒక పళ్ళ డాక్టరు, మా ఆవిడ. గెలిచేది మా ఆవిడే.

నేను ఆ బండికి మెకానిక్కుని. నా ఉద్యోగం చూస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగిరీ. నేను బాగుచేసిన మిక్సీ మళ్ళీ తిరగలేదు. నేను విప్పిన ఇస్త్రీ పెట్టె ఇప్పటికీ విప్పే ఉంది. అందుకే ఇంట్లో స్క్రూ డ్రైవరు నాకు కనబడకుండా దాచేవారు. కానీ బగ్గీ స్క్రూలు బియ్యపు గింజంత ఉంటాయి. సుభద్రకు దగ్గర చూపు ఆనదు, నాకు ఆనుతుంది. ఆ ఒక్క అర్హతతో పని నా చేతికొచ్చింది. ప్రతి పందెం తర్వాత మట్టి బ్రష్షుతో దులపడం, బేరింగులు కడగడం, షాకుల్లో నూనె మార్చడం, గేరు పళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి సందు సరిచూడడం, అన్నీ నేనే. ఏడాదిగా ఒక్కటీ పాడవలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో సుభద్ర నాకు ఒక పని అప్పగించి మళ్ళీ వెనక్కి తిరిగి చూడకపోవడం ఇదే మొదలు. అది ఎంత పెద్ద సంగతో పెళ్ళైన మగవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాలు వెనక మట్టి మైదానంలో పందెం ఉందని ఆమె ఫోను గ్రూపులో కబురొచ్చింది. మిల్లు యజమానికీ పళ్ళ డాక్టరుకూ గెలిచొస్తానని చెప్పి మరీ బయల్దేరింది.

లాడ్జి

స్టేషను ఎదురుగా లాడ్జిలో మేనేజరు మా గుర్తింపు కార్డులు చూసి, పెద్ద పెట్టె వైపు గడ్డంతో చూపించాడు.

"పెట్టెల ఏమున్నది సార్?"

"బండి," అన్నాను. నిజాయితీకి పోయి తప్పు చేశాను.

"బండ్లు రూంలకు పోనియ్యం సార్. పార్కింగ్ కిందున్నది."

నేను మూత తీసి చూపించాను. ఆయన కౌంటరు దాటొచ్చి, వంగి చాలాసేపు చూశాడు.

"చిన్నగనే ఉన్నది గని, బండే గద. నాలుగు చక్రాలున్నయి."

"బొమ్మ అనుకోండి, పోనీ," అన్నాను.

సుభద్ర నన్నొక చూపు చూసింది. "బొమ్మేమిటండీ? బండే," అంది మేనేజరుతో.

"గదే మేడం, నేను జెప్పేది గూడ గదే."

మా వాదన మా ఆవిడ చేతిలోనే ఓడిపోయింది. ఇరవై నిమిషాల చర్చ తర్వాత ఆయనే దారి చూపించాడు. పార్కింగు టోకెను రాస్తాడు, టోకెను ఉన్న బండి ఎక్కడున్నా లాడ్జి లెక్కలో ఉన్నట్టే. టోకెను మీద బండి నంబరు రాయాలి. సుభద్ర తన రేసు నంబరు ఏడు అని చెప్పింది. ఆయన ఏడు అని రాసి, చిల్లు పొడిచి, దారంతో బండి వెనక రెక్కకు కట్టాడు. ఆ రోజు నుంచి వాచ్‌మన్ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తలుపు తట్టేవాడు. మంచం కింద టార్చి వేసి, "ఉన్నది" అని పక్క గదికి పోయేవాడు.

మా వైపు లాడ్జిల్లో పేరు, ఊరు, వచ్చిన పని, ఇంకాస్త చనువైతే ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. బండినే అడిగారు.

అబిడ్స్, పాలరాతి బల్ల

బగ్గీని పందేనికి సర్దాలంటే ముందు చదునైన చోటు కావాలి. చక్రాల వాలు, పొట్ట ఎత్తు, అన్నీ చదును నేల మీదే కొలవాలి. మా గదిలో సుభద్ర ఒక రూపాయి బిళ్ళ దొర్లించి చూసింది. అది తిన్నగా బాత్రూములోకి వెళ్ళిపోయింది.

అబిడ్స్ దాకా నడిచాం. ఒక ఇరానీ హోటల్లో పాలరాతి బల్లలు కనబడగానే సుభద్ర ఆగి, అరచేత్తో రాసి చూసి, "ఇదే," అంది. పెట్టె తెరిచి బండిని బల్ల మీద పెట్టాం.

వెయిటరు వచ్చాడు. "సార్, టేబుల్ మీద ఊకె కూసునుడు లేదు. చాయ్ నడుస్తనే ఉండాలె."

అలా ఆ పూట ఏడు చాయ్‌లు నడిచాయి. మా గోదావరి జిల్లాల్లో టీ అంటే గొంతులోకి వేడిగా దిగే నీళ్ళు. ఇక్కడిది చిక్కగా, ఉప్పూ తీపీ తెలిసీ తెలియకుండా, కప్పు అడుగున కాసేపు నిలబడి ఉంటుంది. నాలుగో కప్పుకు నా చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత జరిగినదానికి నేను ఆ నాలుగో కప్పునే తప్పుపడుతున్నాను.

పొట్ట ఎత్తు సరిచూసే కొలత దిమ్మను ఇంట్లో మరిచిపోయి వచ్చాను. బండి అడుగుకీ బల్లకీ మధ్య ఇరవై రెండు మిల్లీమీటర్లు ఉండాలి. సుభద్ర ఒక్క క్షణం ఆలోచించి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. సంచిలోంచి తన పాత వెర్నియర్ కొలబద్ద తీసి, ఒక్కొక్క బిస్కెట్టు మందం కొలిచి, అంకె నాచేత చదివించడం మొదలుపెట్టింది. ఒక్కోటి పదకొండు ఉంటే రెండు పేర్చి దిమ్మగా వాడొచ్చని ఆమె లెక్క. బాగాలేని బిస్కెట్లను పక్కకు నెట్టి, కాగితం మీద ఏవో అంకెలు వేస్తోంది.

వెయిటరు నా చెవి దగ్గర వంగాడు. "సార్, మేడం ఫుడ్ ఇన్‌స్పెక్టరా?"

"కాదు, టీచరు," అన్నాను.

నమ్మలేదు. రెండు నిమిషాల్లో గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన స్వయంగా వెన్న రాసిన బన్ను పట్టుకొచ్చి, "మా తాన బిస్కెట్ అంత ఫ్రెష్షే మేడం, జర నోటు జేసుకోన్రి," అని మా ముందు పెట్టాడు. సుభద్ర తల ఎత్తకుండా, "రెండే పనికొచ్చాయండీ," అంది. ఆయన ముఖం వాడిపోయింది.

ఇంతలో ఒక ముసలాయన వచ్చి మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. మా ఊళ్ళో అయితే ముందు అడుగుతారు. ఇక్కడ ఖాళీ కుర్చీ ఎవరి సొంతమూ కాదు. పేపరు తెరిచి, బండి కింద మేము పేర్చిన రెండు బిస్కెట్లలో పైదాన్ని లాగి, తన చాయ్‌లో ముంచి తిన్నాడు. బండి పక్కకు ఒరిగింది. "మెత్తగైంది, బాగున్నది," అన్నాడు నాతో. సుభద్ర మళ్ళీ కొలతలు మొదలుపెట్టింది.

పని ముగిశాక ఆమె చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. బేరింగు చూద్దామని నేను వెనక ఎడమ చక్రం తీశాను. చక్రాన్ని ఇరుసుతో కలిపి తిప్పేది ఒక చిన్న ఉక్కు పుల్ల. రెండు మిల్లీమీటర్ల లావు, ఒక సెంటీమీటరు పొడవు. మేము పిన్ను అంటాం. అది లేకపోతే ఇరుసు తిరుగుతుంది, చక్రం మాత్రం ఊరికే చూస్తూ ఉంటుంది. వణికే చేతిలోంచి ఆ పిన్ను జారింది. పాలరాతి మీద టింగుమని, అంచు దాటి, మాయమైంది.

నేను బల్ల కిందికి దూరాను. పక్క బల్ల వాళ్ళు కాళ్ళు పైకెత్తారు.

"ఏం పోయింది సార్?"

"పిన్ను."

"ఏటీఎం పిన్నా, ఫోన్ పిన్నా?"

"చక్రం పిన్ను."

"చక్రమా? గదేం బ్యాంకు?"

ఒకాయన, "ఎవ్వరికి నంబర్ జెప్పకున్రి సార్, పైసలు గుంజుతరు," అన్నాడు. ఇంకొకాయన బ్యాంకుకి ఫోను చెయ్యమని తన ఫోనే ఇచ్చాడు. వెయిటరు కూడా వంగి నేలంతా చూశాడు, అంకెలు ఎక్కడైనా రాసి ఉన్నాయేమోనని కాబోలు. అప్పుడే నేల తుడిచే మనిషి తడిగుడ్డతో ఒక మూలనుంచి ఇంకో మూలకు తుడుచుకుంటూ పోయాడు. ఆ తర్వాత దొరికేది దేవుడికే.

సుభద్ర వచ్చేసరికి చక్రం బిగించి కూర్చున్నాను. పిన్ను లేకపోయినా చూడ్డానికి చక్రం చక్రంలాగే ఉంటుంది.

"అంతా గట్టిగా ఉందా?" అంది.

"రాయిలా ఉంది," అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ నా మాట విని మళ్ళీ చూడను కూడా చూడలేదు. అదే నన్ను కోసింది.

అబిడ్స్, గడియారాల కొట్టు

మర్నాడు పొద్దున లేస్తూనే, సాయంత్రం ఐదింటికి లాడ్జి మేడ మీద బండి నడిపి చూద్దామంది సుభద్ర. అంటే నాకున్నది ఒక పగలు. ఆన్‌లైనులో చెప్తే పిన్ను నాలుగు రోజులకొస్తుంది. ఊరు చూసొస్తానని చెప్పి, నమూనా కోసం ఇంకో చక్రం పిన్ను కూడా తీసి మాత్రల డబ్బాలో వేసుకుని బయటపడ్డాను. ఇప్పుడు రెండు చక్రాలకు పిన్నులు లేవు.

సన్నని పిన్నులంటే గడియారాల వాళ్ళ దగ్గరే ఉంటాయనిపించింది. అబిడ్స్‌లో ఒక మెట్ల కింద కొట్టులో విఠల్ రావు అనే పెద్దాయన ఉన్నాడు. తాత కాలం నుంచి అదే కొట్టట. ఆయన కంటికి భూతద్దం బిగించి నా పిన్నును చూసి నవ్వాడు.

"సాబ్, ఇది పిన్ను గాదు. దూలం."

"ఇలాంటిదే కావాలండీ."

"మా తాన పిన్ను అంటే గిట్లుంటది." పట్టకారుతో ఏదో తీసి నా ముందు పెట్టాడు. నాకు పట్టకారే కనబడింది. "జర ఊపిరి బంద్ జేసి చూడున్రి," అన్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే నేను నిట్టూర్చాను. రాత్రంతా పడ్డ బాధ ఆ నిట్టూర్పులో ఉంది. పట్టకారు ఖాళీ అయింది.

అలా నా పిన్ను కోసం వెళ్ళి, ఆయన పిన్ను కోసం అరగంట నేల మీద పాకాను. విఠల్ రావు కూడా మోకాళ్ళ మీద వంగాడు. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక పోలీసాయన టోపీ తీసి పక్కన పెట్టి మాతో చేరాడు. చివరికి అది నా చొక్కా చేతి మడతలో దొరికింది. విఠల్ రావు దాన్ని డబ్బాలో వేసి మూత బిగించాకే ఊపిరి వదిలాడు.

"కోపం లేదు సాబ్. గని మల్ల రాకున్రి," అని రెండు చేతులూ జోడించి పంపించాడు. ఇంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ వెళ్ళగొట్టలేదు.

తర్వాత కుట్టుమిషను సామాన్ల కొట్టులో సూది మొదలు సరిగ్గా రెండు మిల్లీమీటర్లని తేలింది. ఎగిరి గంతేద్దామనుకున్నాను. కొట్టాయన కోద్దామని కటింగు ప్లేయరుతో నొక్కగానే సూది టప్పున విరిగి ఎటో ఎగిరిపోయింది. "గట్టిదే, గని పెళుసు. మీ బండి ఒక్క ఎగురుడు ఎగిరితే గింతే," అన్నాడు.

నాంపల్లి, యాదమ్మ దుకాణం

రెండు గంటలవుతోంది. ఎండలో స్టేషను వైపు నడుస్తూ ఏదో సందులో దారి తప్పాను. గోడకు టైర్లు వేలాడదీసిన చిన్న సైకిలు రిపేరు దుకాణం ముందు ఒకావిడ కూర్చుని ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచుతోంది. యాభై దాటిన మనిషి. కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. స్టేషనుకు దారి అడిగాను.

"దారి జెప్త గని, ముందు నీడకు రా అన్నా. ముఖమంత గట్లయిందేంది?"

ఆ మాటకు నేను కరిగిపోయాను. పరాయి ఊళ్ళో ముక్కూ మొహం తెలియని మనిషికి మొత్తం చెప్పేశాను. బండి, బిస్కెట్లు, పిన్ను, భార్య, రాయిలా ఉందన్న అబద్ధం. ఆవిడ ట్యూబు పక్కన పెట్టి శ్రద్ధగా వింది. మాత్రల డబ్బాలోంచి నమూనా తీసి వేళ్ళ మధ్య దొర్లించింది. లేచి, గోడకున్న పాత సైకిలు చక్రం లోంచి ఒక పుల్ల లాగి దాని పక్కన పెట్టింది. లావు సరిగ్గా సరిపోయింది.

"గింతేనా? స్పోకు పుల్లనే గద అన్నా. గీ దాని కోసం అబిడ్స్ అంత తిరిగినవా?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా సామర్లకోటలో సైకిలు కొట్లు లేక కాదు, నాకు తట్టక.

ఆవిడ పుల్ల కోయబోతూ ఆగింది. "బగ్గీ అంటివి. రేపు ఫంక్షన్ హాలు కాడ ఆటకేనా?"

"అవునండీ."

"నేను గూడ వస్తున్న."

చూడ్డానికని అనుకున్నాను. ఆవిడ బల్ల కింది నుంచి గోనెసంచి లాగి, అందులోంచి ఒక బగ్గీ తీసింది. మాదాని కన్నా పాతది, ఒంటి నిండా అతుకులు.

"మూడేండ్ల కింద ఒకాయన టైరు అంటుకుంటలేదని దెచ్చి ఇచ్చిండు. మల్ల రాలే. ఊకె వెడితే జామైతదని అప్పుడప్పుడు నడిపిన. గట్ల అలవాటైంది."

ఆవిడ పేరు యాదమ్మ. జనగామ దగ్గరి పల్లె. మొగుడితో కలిసి ఈ దుకాణం పెట్టింది. ఆయన పోయాక ఒక్కతే నడుపుతోంది. బగ్గీ టైర్లు పంచరు సొల్యూషనుతోనే అంటిస్తుంది. మొదట్లో షాకుల్లో కొబ్బరినూనె పోసిందట. "ఎండకాలం మంచిగనే నడిచింది అన్నా. చలికాలం గడ్డ గట్టింది. బండి మ్యాక లెక్క ఎగురుడు వెట్టింది. అప్పుడు గీ బండ్ల ఆట ఆడెటోళ్ళు నవ్వి, దానికి వేరే నూనె ఉంటదని జెప్పిన్రు."

రేపు మా ఆవిడతో పోటీ పడబోయే మనిషి, మా ఆవిడ బండికి పుల్ల కోస్తోంది. ఆ మాటే అన్నాను.

"మూడు చక్రాల బండి మీద గెలిస్తే అదేం గెలుసుడు?" అంది. రెండు కొసలూ ఆకురాయితో నున్నగా రాకింది. కోసిన ప్రతిసారీ పొడవు నాతో కొలిపించింది. రెండు చేసిచ్చింది, ఒకటి జాగ్రత్తకు. పుల్లకు పది రూపాయలు తీసుకుంది, కోసినందుకు వద్దంది. తన డబ్బాలోంచి సర్వపిండి సగం తుంచి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, కారం కలిపి గిన్నెకు తట్టి కాల్చేదట. మా వైపు దిబ్బరొట్టె గుర్తొచ్చింది కానీ, ఇది పలచన, కరకర, చెవుల్లోంచి పొగలొచ్చే కారం.

లేచి బయల్దేరబోతుంటే వెనక్కి పిలిచింది. "అన్నా, అక్కకు జెప్పు. చక్రం ఊడితే ఒకటే బాధ. జెప్పక ఊడితే రెండు."

లాడ్జి మేడ

నమూనా పిన్ను దాని చోట పెట్టి, ఎడమ చక్రానికి పుల్ల ఎక్కించాను. నిజం చెప్పాలంటే, యాదమ్మ రేపు అక్కడ ఉంటుందన్న భయమే లేకపోతే నేను ఏమీ చెప్పకపోయేవాణ్ణి. మేడ మీద సుభద్ర రిమోటు చేతిలోకి తీసుకోగానే చెప్పాను. బిస్కెట్ల పూట నుంచి సర్వపిండి దాకా చెప్పాను.

ఆమె బండిని వెల్లకిలా తిప్పి ఆ చక్రాన్ని వేలితో కదిపింది.

"పొడవెంత కోశారు?" అంది.

"పది మిల్లీమీటర్లు."

"కొలిచారా?"

"రెండుసార్లు."

"అయితే పదండి," అని బండి వదిలింది. నీళ్ళ ట్యాంకు చుట్టూ పది చుట్లు తిప్పింది. నాలుగు చక్రాలూ తిరిగాయి. కిందికి దిగేటప్పుడు మాత్రం, "రాయిలా ఉందన్నారు," అంది. పెద్ద తిట్టు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఫంక్షన్ హాలు

మూడో రోజు పొద్దున పందెం చోటుకు వెళ్ళేసరికి హాలు ముందు పూల తోరణాలున్నాయి. యజమాని రాజేందర్ మైదానాన్ని మాకు, హాలును ఒక నిశ్చితార్థానికి ఒకే రోజు ఇచ్చాడు. వంటవాళ్ళు మా మట్టి బాట మలుపు పక్కనే పొయ్యిలు పెట్టి ఉల్లిపాయల గుట్ట పోశారు. తొలి పందెంలోనే ఎవరిదో బగ్గీ ఆ గుట్టలోకి దూరి, ఒక ఉల్లిపాయను ముందు చక్రంలో ఇరికించుకుని చుట్టు పూర్తిచేసింది.

పెళ్ళికూతురి తండ్రి దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. "ఏందయ్యా గిది? మా ఫంక్షన్ల గీ లొల్లి ఏంది? బంద్ జెయ్యున్రి!"

రాజేందర్ ఇటూ అటూ బతిమాలుతుండగా పెళ్ళికూతురే గుమ్మంలోకొచ్చి బండ్లను చూసింది. "డాడీ, రింగులు దాని మీద తెప్పిద్దాం! వీడియో మస్తొస్తది!"

రింగులు తెస్తే పందెం సాగనిస్తామన్నది ఒప్పందం. అందరూ సుభద్రవైపు చూశారు. తొలి పందెంలో చూసినంతలో మెత్తగా నడిపింది ఆమే. ఆమె నాతో, "ఉంగరాలు ఎగరకూడదు. స్ప్రింగులు మెత్తవి వెయ్యండి. పది నిమిషాలుంది," అంది.

నిశ్చితార్థం జరిగే తివాచీ మీద నేను బోర్లా పడుకుని నాలుగు స్ప్రింగులు మార్చాను. పెళ్ళికూతురి తండ్రి పట్టుపంచెతో పక్కన గొంతుక్కూర్చుని స్క్రూలు పళ్ళెంలో పట్టుకున్నాడు. పళ్ళెంలో అక్షింతలు కూడా ఉన్నాయి. బియ్యపు గింజంత స్క్రూలు అని మొదట్లో రాశాను, అది ఊరికే అనలేదు.

రెక్కకు దారంతో రెండు ఉంగరాలు కట్టి వదిలాం. రెండువందల మంది చూస్తుండగా బండి కుర్చీల మధ్య నుంచి చీమలా నడిచి వేదిక ఎక్కింది. కంగారులో ఉన్న పెళ్ళికొడుకు వంగి దారం లాగితే, చేతికి లాడ్జి పార్కింగు టోకెను వచ్చింది. ఏడో నంబరు. ఫోటోగ్రాఫరు, "స్మైల్!" అన్నాడు. పెళ్ళికొడుకు టోకెను ఎత్తిపట్టుకుని నవ్వాడు. ఆ ఫోటో వాళ్ళ ఆల్బంలో ఉండే ఉంటుంది.

తర్వాత గట్టి స్ప్రింగులు మళ్ళీ వేశాను. ఫైనల్లో ఆరు బండ్లు. ఓడినవాళ్ళు, వెంట వచ్చినవాళ్ళు మలుపుల్లో నిలబడి, బోల్తాపడ్డ బండ్లను తిప్పి పెట్టాలి. దానికి ఒకటే నియమం: ముందు పడ్డది ముందు. ఎవరి బండి అని చూడకూడదు. నన్ను ఉల్లిపాయల మలుపులో పెట్టారు.

ఐదు నిమిషాల పందెం. సుభద్ర మొదటి నుంచీ ముందుంది. స్పోకు పుల్ల చక్రం చెక్కుచెదరలేదు. యాదమ్మ అతుకుల బండి బెత్తెడు వెనక. నడిపేవాళ్ళ కోసం ఎత్తుగా కట్టిన అరుగు మీద ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. ఒకావిడ పెదవి కొరుకుతోంది, ఒకావిడ తన బండిని తిడుతోంది. ఆఖరి చుట్టులో రెండూ జంటగా నా మలుపులోకి వచ్చాయి. చక్రానికి చక్రం తగిలింది. యాదమ్మ బండి పల్టీ కొట్టి నా కాళ్ళ దగ్గర పడింది. దాన్ని ఢీకొని సుభద్ర బండి కూడా జానెడు అవతల వెల్లకిలా పడింది. నాలుగు చక్రాలూ ఆకాశంలో తిరుగుతున్నాయి.

నాకు అరుగు మీద నుంచి సుభద్ర గొంతు వినబడింది. "ఏమండీ!"

ముప్ఫై ఏళ్ళుగా ఆ పిలుపుకు నేను పలికాను. వంటింట్లోంచైనా, వీధిలోంచైనా. చెయ్యి ఆమె బండి వైపు వెళ్ళింది కూడా. కానీ ముందు పడ్డది యాదమ్మది. నేను చూశాను. మొన్ననే ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. యాదమ్మ బండిని తిప్పి పెట్టి, తర్వాత సుభద్ర బండిని తిప్పి పెట్టాను.

ఒక్క క్షణం తేడాతో యాదమ్మ గెలిచింది.

యాదమ్మ అరుగు దిగి సుభద్ర చెయ్యి పట్టుకుంది. "అక్కా, అన్న నీ బండి ముందల ఎత్తితే నువ్వే గెలుస్తుంటివి."

"తెలుసమ్మా," అంది సుభద్ర.

నా వైపు చూడలేదు. నిశ్చితార్థం వాళ్ళు బలవంతాన మమ్మల్ని కూర్చోబెట్టి భోజనం పెట్టారు. ఖుబానీ మీఠా అని ఎండు ఆప్రికాట్ పళ్ళతో చేసిన తీపి వడ్డించారు. మా కాజాలకు దీటైనదే. కానీ ఆ పూట నాకు ఏ రుచీ తెలియలేదు.

తిరుగు రైలు

మర్నాడు పొద్దున రైల్లో ఎదుటి సీట్లో ఒక జరీ చీరల వ్యాపారి ఎక్కాడు. పెట్టె చూసి ఏమిటని అడిగాడు. అంతే. నాతో పదహారు గంటలుగా మాట్లాడని సుభద్ర ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది. పిన్ను పారేసిన సంగతి, దాచిన సంగతి చెప్పింది. కాజీపేట వచ్చేసరికి ఉల్లిపాయల మలుపు దగ్గరికి వచ్చింది. పక్క వరసల వాళ్ళు కూడా మెడలు చాచి వింటున్నారు.

"నేను ఏమండీ అని అరిచానండీ. విన్నారు. విని, నా బండి అక్కడే పడి ఉండగా, ఆవిడ బండిని ముందు తీశారు."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మహబూబాబాద్ దాటింది. ఖమ్మం దాటింది. అదే కథ మూడోసారి, కొత్తగా ఎక్కినవాళ్ళ కోసం నడుస్తోంది.

వ్యాపారి నా వైపు తిరిగి తల ఆడించాడు. "ఎంతైనా తప్పేనండీ మాస్టారూ. కట్టుకున్న భార్య బండి కదా. ముందు అదే తియ్యాలి."

సుభద్ర ఠక్కున ఆగింది.

"మీరెప్పుడైనా మలుపులో నిలబడ్డారా?" అంది ఆయనతో.

"లేదండీ."

"ముందు పడ్డది ముందు తియ్యాలి. అది రూలు. ఎవరి భార్యదని చూస్తే ఇంక పందెం ఎందుకు?"

"అంటే, మీరే ఇందాకట్నుంచీ..."

"నేనంటాను. మీరెవరండీ అనడానికి?"

వ్యాపారి పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సుభద్ర సంచిలోంచి జామకాయ తీసి, రెండు ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది, పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.